అవ్వ మార్చిన కొండదొంగ కథ

మా అవ్వకు పాములంటే భయం లేదు, కలరా అంటే భయం లేదు, పాదిరిగారంటే అసలే లేదు. ఆమె భయపడేది ఒక్కడికే. వాడు చచ్చి ఎన్ని తరాలయిందో ఎవరికీ తెలియదు. పైగా వాడికి తల లేదు.

వాడి పేరు అవ్వ ఎప్పుడూ పలకలేదు. కొండోడు అనేది, అంతే. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెల్లో వాడి కథ తెలియని ఇల్లు ఉండేది కాదు. ఉన్నవాళ్ళ గాదెలు కొట్టి లేనివాళ్ళకు పంచిన దొంగ. మిగతా ఇళ్ళలో వాడు మీసాలున్న మంచి దొంగ, పిల్లలు వాడి ఆట కూడా ఆడుకునేవాళ్ళు. మా ఇంట్లో మాత్రం ఆ కథ విన్న పిల్లలు పెరట్లోకి పోవడానికి తోడడిగేవాళ్ళు. మా అవ్వ చెప్పే కథ వేరు మరి.

మా అమ్మ నన్ను కని పోయింది. నాయన కోలారు బంగారు గనుల్లో పనికని పోయి అక్కడే ఉండిపోయాడు. అక్కనూ నన్నూ పుంగనూరులో పెంచింది అవ్వే, నాయన తల్లి. సాయంత్రం చెనిక్కాయలు వొలుస్తూ కూర్చుంటే చాలు, కథ మొదలయ్యేది.

కరువొచ్చింది. చెట్ల మీద ఆకు కూడా మిగలని కరువు. కొండోడు కుప్పం కాడి కొండ గుహలోకి పోయాడు. ఆ గుహలో ఒక ముసలిది ఉండేది, వెలుతురు చూస్తే ఏడ్చేది. "నీ నీడ నాకియ్యి, కప్పుకుంటా. బదులుగా నీకు దండునిస్తా" అంది. ఇచ్చేశాడు. ఆనాటి నుంచి ఎండలో నిలబడ్డా వాడికి నీడ పడదు. ఇక ఆ దండు ఎవరంటే, కరువుకు చచ్చినవాళ్ళు. పొద్దుగూకితే మట్టి దులుపుకొని లేచి వాడి వెంట నడిచేవాళ్ళు. పాళెగాళ్ళ గాదెలు పగలగొట్టి, గింజలు మోసుకొచ్చి, బతికున్న తమ పిల్లల గుడిసెల ముందర పోసి పోయేవాళ్ళు. ఒక్క గింజ నోట్లో వేసుకోలేరు. బిడ్డను ముట్టుకోలేరు.

ఇక్కడికొచ్చేసరికి అక్క ఏడ్చేది. మా అమ్మ కూడా అట్లా వచ్చి పోతోందేమోనని పొద్దున్నే లేచి వాకిట్లో గింజలు వెతికేది పిచ్చిది. నాకు అమ్మ మొహమే తెలియదు కాబట్టి నేను ఏడ్చేదాన్ని కాదు, "తర్వాత? తర్వాత?" అని అవ్వ ప్రాణం తీసేదాన్ని.

తర్వాత, పాళెగాళ్ళ మనుషులు సంతలో జనాన్ని ఎండకు నిలబెట్టి, నీడ లేనివాడెవడో చూసి పట్టుకున్నారు. తల నరికి పుంగనూరు కోట గుమ్మానికి కట్టారు. మొండేన్ని కుప్పం కొండల్లో పారేశారు. మొండెం లేచింది, తలను వెతుక్కుంటూ బయలుదేరింది. గుమ్మం మీద తల "ఈడుండా, ఈడుండా" అని అరుస్తూనే ఉంది. మొండేనికి చెవుల్లేవు కదా, ఎట్లా వినిపిస్తుంది?

"ఇప్పటికీ ఎతుక్కుంటానే ఉండాది," అని అవ్వ పొట్టు చెరగడం మొదలుపెట్టేది. కథ అయిపోయిందని దానర్థం.

ఈ కథకు ఒక కట్టుబాటు ఉంది. ఒక్క మాట తీయకూడదు, ఒక్క మాట కలపకూడదు. మారిస్తే కొండోడు వస్తాడు. తన తల దొరకలేదు కాబట్టి, మార్చి చెప్పినవాళ్ళ తల తీసుకుపోతాడు. ఒకసారి నేను ఆ ముసలిదానికి మూడు కళ్ళు పెట్టి పక్కింటి పిల్లలకు చెబుతుంటే, అవ్వ పరుగున వచ్చి నా నోరు మూసింది. ఆ పూటంతా నన్ను గడప దాటనివ్వలేదు.

అవ్వ చిన్నప్పుడే బాప్తిస్మం తీసుకున్న మనిషి, ఆదివారం చర్చి తప్పేది కాదు. ఇదేం నమ్మకమని పాదిరిగారు అడిగితే, "దేవుడు దేవుడే, వాడు వాడే గదయ్యా" అనేది. ఊడిన తన పళ్ళన్నీ గుడ్డలో మూటకట్టి దాచుకుంది, చచ్చినప్పుడు పెట్టెలో పెట్టాలట. "ఒంట్లోది ఏది యాడ పోయినా ఎతుక్కోవాల్సిందే. మళ్ళీ లేసేనాటికి నోట్లో పళ్ళు లేకుంటే దేవునితో ఎట్ల మాట్లాడేదే?" అనేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

అక్కను కుప్పంలో ఇచ్చారు. బావ రైలు పట్టాల మీద గ్యాంగు మేస్త్రీ. నెమ్మదస్తుడు. మగబిడ్డ పుట్టాడు. వాడు తప్పటడుగులు వేసే రోజుల్లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగా, అక్కకు దగ్గు పట్టుకుంది. దగ్గులో నెత్తురు పడింది. బిడ్డను అత్త దగ్గర వదిలి, మదనపల్లె పక్కన ఊపిరితిత్తుల జబ్బువాళ్ళుండే మిషను ఆసుపత్రిలో చేరింది. నేను అప్పుడు మదనపల్లెలోనే టీచరు ట్రైనింగు చదువుతున్నాను. వీలు దొరికినప్పుడల్లా పోయి అక్క మంచం పక్కన కూర్చునేదాన్ని.

మందులూ, గాలీ, పాలూ, గుడ్లూ ఏవీ పని చేయలేదు. పెద్ద డాక్టరు ఆపరేషను చేయాలన్నాడు. ఒక పక్క కొన్ని పక్కటెముకలు తీసేస్తే ఆ వైపు ఊపిరితిత్తి అణిగి, విశ్రాంతి దొరికి, పుండు మానుతుందట. చేయకపోతే వచ్చే వానాకాలం చూడదని నాకు విడిగా చెప్పాడు.

అక్క అన్నీ విన్నది. ఒక్కటే అడిగింది.

"తీసిన ఎముకలు ఏం జేస్తారు సార్?"

"కాల్చేస్తామమ్మా, వాటిగురించి నీకెందుకు?" అన్నాడాయన, ధైర్యం చెబుతున్నాననుకుని.

అక్క పక్కకు తిరిగి పడుకుంది. ఆపరేషనుకు ఒప్పుకోనంది. డాక్టరు చెప్పాడు, నర్సమ్మలు చెప్పారు, బావ కుప్పం నుంచి వచ్చి మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. ఊహూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నీకేమన్నా పిచ్చి పట్టిందా? బిడ్డను తల్లి లేనోణ్ణి జేస్తావా? మన బతుకు మర్సిపోయినావా?" అని వార్డంతా వినబడేటట్టు అరిచాను.

అక్క మాత్రం గొంతు పెంచలేదు. "వాని కోసరమే. సచ్చినాంక, కాలిపోయిన ఎముకలకోసరం నేను యాడెతికేది? అవి దొరికేదాంక తిరగతానే ఉండాల. నా బిడ్డ గుడిసెకాడికి గింజలు తెచ్చేకి దోవ గూడా తెలీదు. సస్తే సస్తా, మొత్తంగా సస్తా," అంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఇది ఎవరు విత్తిన పంటో.

మర్నాడే పుంగనూరు బస్సెక్కాను. యుద్ధానికి పెట్రోలు కరువై బొగ్గు పొయ్యితో నడిపే బస్సులవి, మిట్ట వస్తే దిగి నడవాలి. నడిచినంతసేపూ అవ్వను తిట్టుకుంటూనే ఉన్నాను. ఇంటికి పోయేసరికి ఆమె వాకిట్లో చెనిక్కాయలు వొలుస్తోంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టాను.

"నీ కత మా యక్కను మింగేస్తాండాది. సంతోసమేనా నీకు?"

జరిగిందంతా చెప్పి కడిగి పారేశాను. అవ్వ చేతిలోని కాయలు అట్లాగే ఉన్నాయి.

"మొత్తంగా సస్తానన్నిందా?" అంది.

"అన్నింది. వచ్చి, కతంతా అబద్దమని సెప్పు."

"అబద్దం గాదే. గానిదాన్ని అబద్దమంటే అది నమ్మతాదా? నా మొగం జూస్తేనే తెల్సిపోతుంది దానికి."

చేట పక్కన పెట్టి, ఇంటికి తాళం వేసి, కొంగు దోపుకుని నడిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. దారి పొడుగునా పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందనుకున్నాను.

ఆ ఆసుపత్రిలో మంచాలు గాలి కోసం వరండాల్లో వేసేవాళ్ళు. అవ్వ అక్క మంచం పక్కన నేల మీద చతికిలబడి, "కత సెప్తా ఇను," అంది.

"వద్దవ్వా," అంది అక్క.

"ఇంగా ఉండాది. సిన్నపిల్లోళ్ళని మీకు కడదాంక సెప్పలా."

ఇంకా ఉందా! నేను కూడా నేల మీదికి జరిగి కూర్చున్నాను. చుట్టుపక్కల మంచాల్లోని ఆడవాళ్ళు మోచేతుల మీద లేచారు. అవ్వ గుహ కాడి నుంచి మొదలుపెట్టి, పాత కథ పాత మాటల్లోనే చెప్పింది. తల అరుస్తోంది, మొండేనికి వినిపించడం లేదు. ఎప్పుడూ ఆగే చోట ఒక్క క్షణం ఆగింది. కొంగు మెడ చుట్టూ లాక్కుంది. మళ్ళీ అందుకుంది.

"కోట గుమ్మం కాడ మజ్జిగమ్ముకునే ముసల్ది ఒగితి ఉండాది. దానికి తల అరిసేదీ ఇనిపిస్తాది, మొండెం తిరిగేదీ కనిపిస్తాది. ఎన్నాళ్ళని జూస్తాది? ఒగదినం లేసి మొండెం సెయ్యి పట్టుకునింది. రా నాయనా అని పిల్సుకోనొచ్చి, గుమ్మం కింద నిలబెట్టి, సెయ్యెత్తి మొగం మీద పెట్టింది. కొండోడు తడుముకున్నాడు. ముక్కుండాది, మీసముండాది. తనదే."

"తగిలించుకున్నాడా?" అంది పక్క మంచం ఆమె, దగ్గు ఆపుకుంటూ.

"ఆ, యాల తగిలించుకుంటాడు? కండ్లు మూసినాడు, మీసం సవరించినాడు, ఆడనే వదిలేసి పోయినాడు. భుజాల మద్దెన తలుంటే మూటకు అడ్డం గదమ్మా! అది లేకుంటే ఇంగొగ మూట పడతాది. ఆ పొద్దు నుంచి గింజలు మోస్తానే ఉండాడు. ఏమీ ఎతుక్కోల్యా."

వరండాలో ఒకరు కిసుక్కుమన్నారు. అవ్వ అక్క గడ్డం పట్టుకుంది.

"తల లేనోడే అంత పని జేసినాడే, నాలుగు పక్కటెముకలు లేనిదానికి నీకేం రోగమే? బిడ్డనెత్తుకునేకి ఎముక గావల్నా, సెయ్యి గావల్నా?"

ఆడవాళ్ళంతా నవ్వారు, నవ్వి దగ్గారు. నర్సమ్మ వచ్చి అవ్వను కసురుకుంది. అక్క అవ్వ మొహాన్నే చాలాసేపు చూసింది. ఆ సాయంత్రమే ఆపరేషనుకు ఒప్పుకుంది.

నాకు ఎంత సంబరమో! ముసలిదాని తెలివి చూశారా అని హాస్టల్లో అందరికీ చెప్పుకున్నాను. ఆపరేషను నాటి పొద్దున, రోగుల తాలూకు మనుషులుండే పాకల దగ్గరికి పోతే, అవ్వ శీకాయతో తలంటుకుని, ఆముదం రాసుకుని, దువ్వెన పట్టుకుని కూర్చుని ఉంది.

"ఏందవ్వా, పెండ్లికి పోతాండావా?"

"సిక్కు తీయి. వాడొచ్చి తల తీసుకోని పోతే అది శుబ్బరంగా ఉండల్ల గదా. ఇట్లాంటి పిట్టగూడును ఎట్ల మోసేదని నవ్వడా?"

నేను పడీపడీ నవ్వాను. జుట్టు పాయలు తీస్తుంటే ఆమె మెడ నా చేతులకు తగిలింది. నిలువునా వణుకుతోంది. ఆ పొద్దున నాకు మొదటిసారి తెలిసింది, ఆమె నిజంగానే వాడి కోసం ఎదురుచూస్తోందని. చిక్కు తీశాను. ముడి వేశాను. ఆమె వీపుకు మొహం ఆనించి కూర్చున్నాను.

అక్క బతికింది. ఒక భుజం కిందికి జారింది, నవ్వితే నొప్పి అనేది, కానీ నెత్తురు ఆగింది. లేచి కూర్చోగలిగిన రోజున ఆమెకు నారింజ తొనలు వొలిచి పెడుతూ, "ఎట్లయితేనేం, ఆ కొత్త కత నమ్మి గట్టెక్కినావు," అన్నాను.

"దాన్ని ఎవురు నమ్మినారే?" అంది అక్క. "బస్సులో వస్తా అల్లింటాది దాన్ని. నాకు తెలీదా? కడ అనేదే లేదు ఆ కతకు."

"మరి యాల ఒప్పుకున్నావు?"

"సెప్తాంటే అవ్వ మెడ తడుముకుంటాన్నింది, సూల్యా నువ్వు? నా పక్కటెముకల కోసరం ఆయమ్మ తలే పెట్టేసింది. అది జూసినాంక నాకు బయమని ఎట్లంటా?" అంది. నాకు ఏడుపొచ్చింది. అక్క నా చేతిలోని తొన తీసి నా నోట్లోనే పెట్టింది.

తర్వాత అవ్వ కుప్పం పోయినప్పుడల్లా మునిమనవడికి కథ చెప్పేది. మజ్జిగ ముసలమ్మతోనే, భుజం మీది మూటతోనే. పాత ముగింపు మళ్ళీ ఆమె నోట వినలేదు. చెప్పిన ప్రతిసారీ మరునాడు తలంటుకునేది. అక్క పక్కనే కూర్చుని, కొత్తగా వింటున్నట్టు, ఊ కొట్టేది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు అవ్వ పుంగనూరులో మంచం పట్టింది. అక్క కుప్పం నుంచి వచ్చి చాకిరీ అంతా తానే చేసింది. ఒక మధ్యాహ్నం అక్క వంటింట్లో గంజి కాస్తుండగా, అవ్వ నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

"పాత కత నీకు గ్యాపకముండాదా?" అంది గుసగుసగా.

"ఉండాదవ్వా."

"మీ యక్క ఉండేదాంక ఎవురికీ సెప్పొద్దే. కొత్తదే నిజమని నమ్ముకోనుండాది పాపం, ఆ పిచ్చిది."

నా నోరు ఎట్లాంటిదో పుంగనూరంతా తెలుసు. కడుపులో ఏదీ దాగదు నాకు. వంటింట్లో అక్క గరిటె చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"సెప్పనవ్వా," అన్నాను.