మా మేనత్త భాగ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘భాగ్యం’ అన్న మాట ఎక్కువగా అనేది మా మేనత్త. మా బాపుకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే భర్త పోతే, ఆలేరు దగ్గర మా ఊరికి, పుట్టింటికే తిరిగి వచ్చేసింది. ఎవరు పలకరించినా “నాకేం తక్కువ, నా భాగ్యం మంచిగనే ఉన్నది” అనేది. నేను నమ్మేదాన్ని.

మాది నేతపని చేసే ఇల్లు. మా వాడలో ఆడవాళ్లు కండెలు చుడతారు, మగవాళ్లు నేస్తారు. మా అత్తమ్మ మాత్రం రెండూ చేసేది. పొద్దున మగ్గం గుంతలో కాళ్లు పెడితే పొద్దుగూకేదాకా బయటికి తీసేది కాదు. మా బాపూ చిన్నాయనా మధ్యాహ్నం అరుగు మీద బీడీలు కాలుస్తూ ముచ్చట్లు పెట్టుకునే వేళ కూడా లోపల ఆమె మగ్గం చప్పుడు వినపడుతూనే ఉండేది.

మా బడిలో తెలుగు సారుకు మాటలు విప్పి చూపడం సరదా. ఒకరోజు నల్లబల్ల మీద ‘భాగ్యం’ అని రాసి, ఇది ‘భాగం’ నుంచి పుట్టిందని చెప్పారు. పంపకంలో మనిషికి వచ్చిన పాలు భాగం, అట్లా దక్కినది భాగ్యం. ఆ తర్వాతే ఆ మాట అదృష్టానికీ, దేవుడి దయకూ, సుఖానికీ పాకిందన్నారు. నాకది భలే నచ్చింది. ఇంటికి వచ్చి అత్తమ్మకు చెబితే, మగ్గం మీద పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెను ఆపకుండానే నవ్వి, “గంత పెద్ద మాటకు పుట్టుక గింతేనా” అంది.

ఆ ఏడే మా తాత పోయాడు. దినాలు కాగానే పంపకాలు పెట్టారు. మాలో పద్ధతి ఏమిటంటే, పెద్దవాడు రెండు పాళ్లు చేయాలి, చిన్నవాడు ముందు కోరుకోవాలి. ఇల్లు, రెండు మగ్గాలు, ఊరవతల వానకు పండే చెలక. మా బాపు పాళ్లు చేశాడు. అత్తమ్మ కూర్చునే మగ్గం ఉన్న వైపు చిన్నాయన కోరుకున్నాడు. ఆ సమయానికి ఆమె పెద్దమనుషులకు చాయ్ పోస్తోంది. వాళ్లలో ఒకాయన, ఏమనిపించిందో ఏమో, “మరి అక్క సంగతేంది?” అన్నాడు.

“అక్కకేం ఫికర్? యాడ తిన్నా తింటది” అన్నాడు మా బాపు.

నాకప్పుడు పదేళ్లు. నోరు ఊరుకోలేదు. “భాగం పెట్టకపోతే అత్తమ్మకు భాగ్యం ఎట్లుంటది బాపూ? భాగమంటేనే భాగ్యమని మా సారు చెప్పిండు” అన్నాను. ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. బాపు లేచి వచ్చి చెంప మీద ఒక్కటి ఇచ్చాడు.

అత్తమ్మ చాయ్ గ్లాసులు కింద పెట్టి నన్ను లోపలికి తీసుకుపోయింది. నా తరఫున మాట్లాడుతుందనుకున్నాను. నా ముఖం కడుగుతూ ఆమె అన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

“నా భాగ్యం మంచిగున్నదని అందరితోని ఎందుకంటున్ననో ఎరికేనా బిడ్డా? గట్లంటెనే నాకింత బువ్వ పెడుతరు. మంచిగ లేదంటె, మరి ఎందుకున్నవ్ పో అంటరు. నేను యాడికి పోవాలె?”

మర్నాటి నుంచి ఆమె అదే గుంతలో కాళ్లు పెట్టి చిన్నాయన చీరలు నేసింది. చూపు మందగించేదాకా నేసింది. కూలి అడిగినట్టు నాకు గుర్తులేదు.

తెలంగాణ వచ్చాక మా వైపు భూముల ధరలకు రెక్కలొచ్చాయి. అప్పటికి మా బాపు పోయాడు; ఆయన పాలుకు వచ్చిన చెలక పక్కనుంచే పెద్ద రోడ్డు పోయింది. అమ్మాలంటే నా సంతకం కావాలని మా తమ్ముడు వచ్చాడు. వస్తూ వస్తూ మరదలితో ఒక చీర, పసుపు కుంకుమ తెప్పించాడు. “నీ పాలు నీకు సట్టం ప్రకారం వస్తదమ్మా, సంతకం పెట్టకు” అని నా బిడ్డ నెత్తీ నోరూ కొట్టుకుంది. నాకు తెలియక కాదు. ఆ మాట పుట్టుక పదేళ్లకే తెలిసినదాన్ని, నలుగురిలో అడిగి చెంపదెబ్బ తిన్నదాన్ని.

కానీ మాలో ఆడది చనిపోతే పుట్టింటివాళ్లు చీర తెచ్చి కప్పాలి. అది రాకుండా పాడె లేస్తే, ఆమెకు వెనకా ముందూ ఎవరూ లేరని ఊరు చెప్పుకుంటుంది. నాకున్నది ఒక్కడే తమ్ముడు. సంతకం పెట్టాను.

తమ్ముడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లాక, నా బిడ్డ నా ముఖంలోకి చూసి, “చచ్చినంక కప్పే చీర కోసమా అమ్మా?” అంది. మా అత్తమ్మకు పోవడానికి చోటు లేక ఊరుకుంది. నాకు ఇల్లుంది, పిల్లలున్నారు, చట్టముంది. నేనెందుకు ఊరుకున్నానో నా బిడ్డకు ఇప్పటిదాకా చెప్పలేకపోయాను.