వెనక్కి పంపిన పంతులమ్మ

పదిహేనేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ప్రతి ఆదివారం చర్చిలో అందరితో కలిసి పాపినని ఒప్పుకుంటాను. అందరితో కలిసి అనడం సులువు. ఫలానా పని చేశానని చెప్పాలంటేనే నోరు వచ్చేది కాదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు అమీర్‌పేట పల్లెటూరే. అటు పంజగుట్ట బండల్లో రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్లల కోసం మా లూథరన్ చర్చి పాకలోనే బడి పెట్టారు. నేను ఏ బడికీ వెళ్ళలేదు. మా నాయన బైబిలు ముందు పెట్టుకుని ఇంట్లోనే చదవడం నేర్పాడు. ఆ మేలుకు దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే. ట్రైనింగయిన పంతులమ్మ దొరికేదాకా పిల్లలను చూడమన్నారు పాస్టరుగారు. ఆ పిల్లలు వచ్చి చుట్టుకుంటుంటే, ఎవరూ దొరకకుండా చూడమని దేవుణ్ణి వేడుకున్నాను. అదీ ఒక ప్రార్థనేనా?

పాస్టరుగారు ఊళ్ళో లేని ఒక మధ్యాహ్నం ఒకామె బేగంపేట స్టేషనులో దిగి, ఎండలో నడిచి వచ్చింది.

“ఏవండీ, పంతులమ్మ కావాలన్న బడి ఇదేనా? నేను గుంటూరులో ట్రైనింగు పాసయ్యానండీ.”

“జర ఆలస్యమైందమ్మా. వేరేటామె దొరికింది,” అన్నాను.

“అయ్యో. బాగా చెబుతుందా ఆవిడ?”

“మస్తు చెప్తది.”

ఆమె నవ్వింది. “ఇంత గట్టిగా చెబుతున్నారంటే మీకు దగ్గరి చుట్టమే అయ్యుంటారు! పోనీలెండి, పిల్లలకు ఎవరో ఒకరుండాలి గదా. కాసిని మంచినీళ్ళిస్తారా?”

ఇచ్చాను. తాగి, మా బడిని దీవించమని అక్కడే నిలబడి ప్రార్థన చేసి వెళ్ళిపోయింది. నేను ఆమేన్ అన్నాను. ఎలా అనగలిగాను?

నాకు భాగహారం రాదు. రాని లెక్క పిల్లలకెలా నేర్పుతాను? మా బడి నుంచి సికింద్రాబాదులో పై తరగతికి వెళ్ళిన మొదటి పిల్ల ఎల్లమ్మ. భాగహారం రాదని అక్కడ చిన్నపిల్లల వరుసలో కూర్చోబెట్టారు. వారానికే తిరిగొచ్చి తల్లితో పాటు సుత్తి పట్టింది. తనకు తెలివి లేదనే ఇన్నాళ్ళూ నమ్మింది. నాకు నిజం తెలిసీ ఊరుకున్నాను. ముప్పై దాటాక పాస్టరుగారి దగ్గర భాగహారం నేర్చుకున్నాను. ఇప్పుడు ఎల్లమ్మ కూతురు నా ముందే కూర్చుని ఆ లెక్కలు చకచకా చేస్తుంది. ఆ పలక చూసినప్పుడల్లా సంతోషమూ, సిగ్గూ ఒక్కసారే ముంచుకొస్తాయి.

ఈ ఏడు చర్చి చరిత్ర రాయిస్తూ, బడి పేజీ నాకిచ్చారు. ఇంకెవరూ రానందున నేనే పంతులమ్మనయ్యానని రాశాను. ఈ పేజీ ఎల్లమ్మ కూడా చదువుతుందని తోచి చెయ్యి ఆగింది. కొట్టేశాను. వచ్చినామె పేరు రాయాలనుకున్నాను. తెలియదు. నేను అడగనే లేదు. ట్రైనింగయిన ఒకామె వచ్చిందనీ, భాగహారం కూడా రాని నేనే అబద్ధం చెప్పి పంపాననీ రాశాను.

పాస్టరుగారికి ఇచ్చే ముందు, ఈ ఉదయం, ఎల్లమ్మకు చదివి వినిపించాను. ఆమె సుత్తి పక్కన పెట్టింది.

“గట్లయితే నేను మొద్దును కానా, పంతులమ్మా?”

“కావు బిడ్డా. నాకే రాకపాయె.”

క్షమించానని ఆమె అనలేదు. నేనూ అడగలేదు. నేను చేసిన పని మాత్రం ఆమెకు నా నోటితోనే చెప్పగలిగాను. దేవునికి స్తోత్రం.