మా మరిది పరుగు నిలబెట్టిన పెట్టె

మా మరిది పోయాడు. పోయిన నెలలో ఒక రోజు తెల్లారి పాలు తెచ్చి, గిన్నె నా చేతికిచ్చి, అరుగు మీద కూర్చున్నవాడు ఇక లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. బాధ పడి ఉండడమ్మా అన్నాడు. నిజమే, మొహం చూస్తే ఏదో ఆలోచించుకుంటున్నట్టే ఉంది. నా ఏడుపు నేను ఏడ్చాను, అయిపోయింది. ఇప్పుడు చెప్పబోయేది వేరే.

నాకు చదువు రాదు, వేలిముద్రే. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది, తను బళ్ళో పంతులమ్మ. నా మాటలు బాగుచెయ్యొద్దని ముందే చెప్పాను. చేస్తే తెలుస్తుంది, మళ్ళీ చదివించుకుని వింటాగా.

ఎందుకు రాయిస్తున్నానంటే, పెదకర్మ రోజు భోజనాల దగ్గర ఉంగుటూరు బంధువొకాయన పప్పు కలుపుకుంటూ ఒక మాటన్నాడు. "మంచోడే గానీ వట్టి నత్త. షావుకారు గారి కంప్యూటర్ని సరిచెయ్యడానికి చలికాలంలో మొదలెట్టి ఎండలు ముదిరేదాకా కూర్చున్నాడు. బెజవాడలో అయితే ఒక పూటలో చేసి అవతల పారేసేవాళ్ళు." పక్కనోళ్ళు నవ్వారు. విస్తరి ముందు కూర్చున్న మనిషిని ఏమీ అనకూడదు. ఆయనకి ఇంకో చెంచా నెయ్యి వేసి ఊరుకున్నాను. చెయ్యి కడిగాక అడుగుదామంటే బస్సెక్కేశాడు. అందుకని మీ అందరికీ చెబుతున్నాను. మా మరిది నత్త కాదు. ఏం చేశాడో నేను కళ్ళారా చూశాను.

నిదానం మాట నిజమే, దాన్ని కాదనను. నేను కాపురానికి వచ్చేసరికి చిన్నవాడు. అందరూ లేచి చేతులు కడుక్కున్నాక వాడు మజ్జిగలోకి వచ్చేవాడు. పెద్దయ్యాక నూజివీడులో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడు. బాగుచేసిన రేడియోని వెంటనే ఇచ్చేవాడు కాదు. అలమరలో పెట్టి రెండ్రోజులు వదలకుండా పాడించేవాడు. "పాడుతోందిగా, ఇంకా నీ దగ్గరెందుకయ్యా?" అని కసిరేవాళ్ళు జనం. "ఇప్పుడు పాడితే చాలదండి, రేపు మీ ఇంట్లో మిట్టమధ్యాహ్నం కూడా పాడాలి కదండి" అనేవాడు. తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. ఒక్కడూ అదే రేడియో పట్టుకుని మళ్ళీ రాలేదు. అది ఎవరికీ గుర్తుండదు.

ఆగిరిపల్లి దారిలో మా షావుకారు గారి మామిడికాయల షెడ్డు ఉంది. కాయ ఏరి గంపలకెత్తే ఆడవాళ్ళ ముఠాకి నేను పెద్దని. షావుకారు గారు మద్రాసు వెళ్ళి అక్కడెవరి దగ్గరో కంప్యూటరు చూసొచ్చారు. ఎనభై ఏడు చివర్లో తనూ ఒకటి తెచ్చుకున్నారు. ఏ తోట కాయ ఏ లారీ ఎక్కింది, ఎన్ని గంపలు, ఎవరికి వెళ్ళాలి, అన్నీ అదే చూసి కాగితం గీసి ఇస్తుందన్నారు. దాన్ని నడపడానికి మా మరిదిని పిలిచారు. వీడు కొట్టు మూసేసి వచ్చేశాడు. నేను వద్దనే అన్నాను. "ఒకసారి లోపల చూడాలనుంది వదినా" అన్నాడు. పెళ్ళికూతుర్ని చూసినప్పుడు కూడా వాడి మొహం అంత వెలగలేదు.

ఆ పెట్టెకి ముందువైపు ఒక బొత్తాం ఉండేది, టర్బో అనేవాళ్ళు. అది నొక్కకపోతే పెట్టె నడుస్తుంది, నొక్కితే పరిగెడుతుంది. నడిపిస్తే ఒక లారీ కాగితం వచ్చేసరికి డ్రైవరు టీ తాగి, బీడీ కాల్చి, మా ముఠా పిల్లలతో పోట్లాట కూడా ముగించేవాడు. "పెద్దమ్మా, కాయ లారీలోనే పండేట్టుంది, ఇక్కడే అమ్మేసుకుని పోనా?" అనేవాళ్ళు. పరిగెత్తిస్తే కాసేపు బ్రహ్మాండంగా ఉండేది. అంతలో తెర మీద ఏదో ఇంగ్లీషు ముక్క పడి, ఎక్కడిదక్కడ బిగుసుకుపోయేది. అప్పటిదాకా కొట్టినదంతా పోయేది. మళ్ళీ మొదటి గంప నుంచి మొదలు.

సంక్రాంతి వెళ్ళాక షావుకారు గారు చెప్పేశారు. "ఇదిగో అబ్బాయ్, బంగినపల్లి లోడ్లు మొదలయ్యేలోగా ఇది నిలబడి పరిగెత్తాలి. లేదా, తీసుకెళ్ళి అమ్మినవాడికే ఇచ్చేస్తాను. పాత గుమస్తాలే నయం. నువ్వు నీ రేడియోలు చూసుకో." చూసుకోవడానికి రేడియో కొట్టు ఎక్కడుంది? ఆ గదిలో అప్పటికే బట్టల మిషను వాడు దిగాడు. అంతకంటే, ఆ పెట్టెని వెనక్కి పంపేస్తే వీడు మనిషిలా మిగలడని నాకు తెలుసు. అన్నం దగ్గర కూడా దాని గురించే చెప్పేవాడు, నాకు అర్థమైనా కాకపోయినా.

ఒకరోజు మూత తీసి నన్ను పిలిచాడు. లోపల నల్లగా, కాళ్ళున్న చిన్న చిన్న బిళ్ళలు, వరసలు వరసలుగా గుచ్చి ఉన్నాయి.

"ఇదంతా దాని జ్ఞాపకం వదినా."

"పెట్టెకి జ్ఞాపకమేంట్రా, నీకే లేదు. నిన్న ఉప్పు తెమ్మంటే తెచ్చావా?"

నవ్వాడు. "మీరు లారీకి గంపలు ఎలా అందిస్తారు?"

"వరసగా నిలబడి, చేతి నుంచి చేతికి."

"మెల్లిగా అందించేటప్పుడు ఏమీ కాదు. తొందరపెట్టారనుకో, వరసలో ఒక్క పిల్ల వెనకబడితే?"

"గంప జారి కాయ నేల మీద పడుద్ది."

"ఇదీ అంతే. వీటిల్లో ఎవరో అందుకోలేకపోతున్నారు. ఎవరో తెలియాలి."

వరసలో అందరికంటే వెనకున్నవాడి వేగమే వరస వేగం, అనేవాడు. ఆ మాట నా ముఠాలో పిల్లలకి ఇప్పటికీ చెబుతాను.

ఇంక వాడి నిష్ఠ చూడాలి. చెప్పులు విడిచి, ముందు ఇనప బల్లని ముట్టుకుని, అప్పుడు గానీ ఆ బిళ్ళల మీద చెయ్యి వేసేవాడు కాదు. ఒంట్లో ఉండే చిన్న కరెంటుకే అవి చచ్చిపోతాయట. నైలాను చీర కట్టుకున్నవాళ్ళని గడప దాటనిచ్చేవాడు కాదు. "మీ మరిది మడి మా అత్త మడి కంటే ఎక్కువైంది" అని మా పిల్లలు ఆడిపోసుకునేవాళ్ళు. రోజూ పొద్దున్నే ఒక్కొక్క బిళ్ళనీ బొటనవేలితో మెత్తగా నొక్కేవాడు. వేడికీ చల్లదనానికీ అవి గూట్లోంచి కొంచెం కొంచెంగా పైకి లేస్తాయట. పండు నొక్కి చూసినట్టే ఉండేది.

బెజవాడ వెళ్ళి కొత్త బిళ్ళలు తెచ్చాడు. వీపు మీద ఎంత చురుకైనవో అంకె వేసి ఉంటుంది. అంకె బాగానే ఉంది, వేశాడు. పొద్దున అంతా పరిగెత్తింది. షావుకారు గారి గుమస్తా, "అయిపోయిందిగా, ఇంక మూత పెట్టెయ్" అన్నాడు. వీడు పెట్టలేదు. నత్త అంటే ఇక్కడ అనాలి, అందరూ ఇక్కడే అన్నారు.

మా షెడ్డులో ఒక పద్ధతుంది. ఢిల్లీ వెళ్ళే కాయలోంచి ఒక గంప తీసి, రేకుల కింద బాగా కాలే మూల టార్పాలిను కప్పి పెడతాం. దారిలో కాయ పడే బాధంతా ఆ గంప ఇక్కడే పడుతుంది. సాక్షి గంప అంటాం. అది చెడిందా, ఆ తోట కాయ దూరం పంపం. మా మరిది పెట్టెని ఎత్తుకెళ్ళి సరిగ్గా ఆ మూల పెట్టాడు. మూత తీసేసి, టర్బో నొక్కి, పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. కంప్యూటర్లకి చల్లటి గదులు కడతారని అందరూ చెప్పుకునే రోజులు. ఆ కబురు విని షావుకారు గారు భోజనం మీద నుంచి లేచొచ్చారు.

"ఏమయ్యా, వడియాలనుకున్నావా, ఎండబెట్టావు?"

"మీ గది కూడా రేకులదేనండి. ఏప్రిల్లో ఇంతే కాలుద్ది."

"ఫ్యాను పెట్టిస్తాను. ముందు దాన్ని లోపలికి తీసుకెళ్ళు."

"కరెంటు పోతే పెట్టెకి బ్యాటరీ ఉంది గానీ ఫ్యానుకి లేదు కదండి. టార్పాలిను కింద వెళ్ళే కాయని నీడలో చూసి ఏం చెబుతామండి?"

షావుకారు గారు నా వంక చూశారు, నేనేదో వాడికి బుద్ధి చెబుతానని. "గంప పెట్టేది నేనే కదండి, నన్నేం చూస్తారు" అన్నాను. ఆయన గొణుక్కుంటూ వెళ్ళారు. పెట్టె పాడైతే వాడితో పాటు నన్నూ గేటు బయట నిలబెడతానని పోతూ పోతూ చెప్పారు. అన్నంత పనీ చేసే మనిషే.

మధ్యాహ్నానికి పెట్టె ఆగింది. తెర మీద అదే ఇంగ్లీషు ముక్క. నేను గేటు వంక చూశాను. మా మరిదికి మాత్రం మొహమంతా నవ్వు. "ఆగింది వదినా" అన్నాడు. ఆగినందుకు సంతోషించిన మనిషిని నా జన్మలో వాణ్ణొక్కణ్ణే చూశాను. చల్లగా ఉన్నప్పుడు దొంగ దొరకడు, చెమట పట్టినప్పుడే దొరుకుతాడు, అన్నాడు.

అప్పుడు ఒక వరసలో బిళ్ళ తీసి ఇంకో వరసలో వేసేవాడు. అక్కడి బిళ్ళ ఇక్కడ. మళ్ళీ ఎండలో పరిగెత్తించేవాడు. ఇదేంట్రా అంటే, "కోడలు పుట్టింటికెళ్తే గొడవ తనతో వెళ్ళిందా, అత్త దగ్గరే ఉండిపోయిందా చూస్తే తప్పు ఎవరిదో తెలీదూ?" అన్నాడు. గొడవ వెంట వెళ్తే తప్పు బిళ్ళది. అక్కడే ఉంటే గూటిది. అలా ఒక్కొక్కటే తిప్పి తిప్పి, వేడిలో వెనకబడేవాటిని పట్టుకున్నాడు. అందులో ఒకటి బెజవాడ నుంచి తెచ్చిన కొత్తదే. వీపు మీద అంకె మిగతావాటిదే, పని మాత్రం కాదు. పైన మంచి కాయ పేర్చి అడుగున పిందెలు పెట్టిన గంపలు నేనెన్ని చూడలేదు.

మంచివి ఏరి వేశాక కూడా ఇంకో పని చేశాడు. జ్ఞాపకాన్ని అడిగే ముందు పెట్టె ఒక్క గుటక సేపు ఆగేట్టు లోపల ఏదో మార్చాడు. దాంతో పరుగు ఒక పిసరు తగ్గింది. గుమస్తాకి అది నచ్చలేదు. బెజవాడలో గుటక లేకుండానే నడిపి చూపిస్తారన్నాడు. "చూపించడానికి నడపొచ్చు, మనం పని చేయించుకోవాలి కదండి" అన్నాడు మా వాడు. మూలలో వారం పైన ఉంచాడు, ఎండలు ఇంకా పెరిగాయి. పెట్టె ఆగలేదు. అప్పుడు మూత పెట్టాడు.

బంగినపల్లి ఒక్కసారిగా దిగింది ఆ ఏడు. లారీలు గేటు దాటి రోడ్డు మీదికి బారు తీరాయి. మా వాళ్ళు గంపలు అందిస్తుంటే కాగితాలు కూడా మాతో సమానంగా బయటికి వస్తున్నాయి. గట్టి ఎండలో కరెంటు పోయి ఫ్యాను ఆగింది, పెట్టె మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది. నేను గంప అందుకుంటూ కిటికీ వంకే చూస్తున్నాను, ఆ తెర ఎప్పుడు బిగుసుకుంటుందో అని. బిగుసుకోలేదు. ఒక డ్రైవరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "పెద్దమ్మా, ఇది చల్లారనైనా చల్లారలేదు, అప్పుడే పొమ్మంటే ఎలాగ?" అని గొడవ. ఆ గొడవ నాకు సన్నాయి మేళంలా ఉంది.

షావుకారు గారు మెచ్చుకునే రకం కాదు. కిటికీ దగ్గరకొచ్చి చాలాసేపు నిలబడ్డారు. "ఇంకొంచెం వేగం పెంచొచ్చంట కదయ్యా?" అన్నారు.

"పెంచొచ్చండి. అప్పుడు ఆగుద్దండి."

ఆయన నవ్వుకుని మజ్జిగ పంపించారు. పెట్టెని వెనక్కి ఇచ్చేసే మాట ఆ రోజుతో పోయింది. ఇప్పటికీ ఆ గదిలోనే ఉంది, అదే గుటకతో.

ఉంగుటూరు బాబాయిగారూ, మీరు చెప్పినట్టు ఒక పూటలో చేసేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళు చేసింది ఆ మధ్యాహ్నం నిలిచేదో లేదో నాకు తెలియదు. మా వాడు చేసింది నిలిచింది. నా సాక్ష్యం ఇంతే. మీరు మళ్ళీ వస్తే నెయ్యి వేస్తాను, ఈ కాగితం కూడా చదివి వినిపిస్తాను.

ఆ లారీల రోజు పొద్దు వాలాక కాస్త సందు దొరికింది. మజ్జిగ గ్లాసు తీసుకుని గదిలోకి వెళ్ళాను. పెట్టె తన పాటికి తను పరిగెడుతోంది, కాగితం ముందుకు జరుగుతోంది. మా మరిది గోనె సంచుల మీద వెల్లకిలా పడి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లేపబుద్ధి కాలేదు. గ్లాసు మీద ఆకు కప్పి, గుమ్మంలో కూర్చుని ఈగలు తోలాను.