పథ్యంలో నెయ్యి

2003 వేసవిలో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రేడియాలజిస్టుగా, అంటే ఎక్స్‌రే, స్కానింగుల డాక్టరుగా చేరాను. రెండో నెలలోనే కోనసీమలో పౌరోహిత్యం చేసే సోమయాజులు గారిని మా సర్జన్ గారు నా దగ్గరికి పంపారు. మెడలో గడ్డ తీసి ఎనిమిది రోజులైంది. కుట్ల పక్కన పెట్టిన గొట్టంలోంచి పాలలాంటి ద్రవం రోజూ సీసా నిండా కారుతోంది. తిన్న కొవ్వును రక్తంలో కలిపే సన్నని నాళం ఒకటి ఎడమ మెడ దాకా వస్తుంది. ఆపరేషన్‌లో దానికి చిల్లు పడింది. కొవ్వు తినడం మానేస్తే చాలామందికి అదే మూసుకుంటుంది. ఈయనకు మూసుకోలేదు.

శనివారం లోగా ఆగకపోతే మెడ మళ్లీ తెరుస్తానని మా సర్జన్ గారు తేల్చేశారు. అలా తెరిస్తే గొంతు నరానికి దెబ్బ తగలవచ్చు.

"మంత్రం చెప్పి బతికేవాణ్ణండీ. గొంతు పోతే ఎలాగండీ?" అని సోమయాజులు గారు అడిగారు. నాకూ భయం వేసింది.

నాకు ఒక దారి తెలుసు. పాదం మీద చిన్న గాటు పెట్టి, దారప్పోగంత నాళంలోకి ఎక్స్‌రేలో కనిపించే నూనె మందు మెల్లగా ఎక్కించాలి. చిల్లు ఎక్కడుందో తెలుస్తుంది. ఒక్కోసారి ఆ నూనే దాన్ని పూడ్చేస్తుంది కూడా. చదువుకునే రోజుల్లో రెండుసార్లు చేశాను. రెండేనన్న సంగతి సర్జన్ గారికి చెప్పలేదు.

బుధవారం పొద్దున సంతకం కోసం ఆయన భార్య కామేశ్వరమ్మ గారికి మందు చూపించాను. ఆవిడ మొహం చిట్లించారు.

"నూనె తగలకూడదని చెప్పి, మీరే కాల్లోంచి ఎక్కిస్తారేంటండీ? నేను తాలింపు కూడా మానేశాను. ఉడికించిన బీరకాయ, నెయ్యి, అంతే."

నెయ్యి ఎంత వేస్తున్నారని అడిగాను.

"పథ్యం కదండీ. ముద్ద తడవాలి కదా."

తప్పు మాదే. నూనె లేకుండా పథ్యం పెట్టమని చెప్పింది మేమే. మా వైపు నెయ్యి లేని పథ్యం ఎవరూ ఎరుగరు. మా అమ్మా అలాగే పెట్టేది. వార్డు కాగితంలో మాత్రం 'కొవ్వు లేని ఆహారం' అన్నచోట ఎనిమిది రోజులూ టిక్కులున్నాయి.

ముందు నెయ్యి ఒక్కటే ఆపి నాలుగు రోజులు చూద్దామంటే, శనివారం గడువు ముంచుకొస్తోంది. నెయ్యి ఆపించి, నూనె ఎక్కించాను. గంటన్నర పట్టింది. గురువారం సీసా సగమే నిండింది. శనివారానికి చెంచాడు కూడా రాలేదు. నెల తర్వాత సోమయాజులు గారు వచ్చి గొంతెత్తి మంత్రం చెప్పి దీవిస్తే వెయిటింగ్ హాల్లో వాళ్లంతా లేచి నిలబడ్డారు.

డాక్టర్ల సమావేశంలో ఎక్స్‌రేలు చూపించి ఈ కేసు గొప్పగా చెప్పాను. నలుగురూ నవ్వుతారని నెయ్యి సంగతీ కలిపాను. వెనక వరుసలోని పెద్ద డాక్టరు గారొకరు నెయ్యి ఆపిందెప్పుడని అడిగారు. నూనె ఎక్కించిన బుధవారమేనని చెప్పి కూర్చున్నాను. చిల్లు మూసింది నా నూనో, నెయ్యి ఆపడమో తేల్చలేమని అప్పుడే తట్టింది.

ఆ తర్వాత ఉద్యోగమున్నంత కాలం టిక్కులు చూసి ఊరుకోలేదు. పొద్దున ఏం పెట్టారో వండినవాళ్లనే అడిగి, ఆ తర్వాతే సూది పట్టుకున్నాను.