నదుల వెంట కోసిన పటం

కరోనా తగ్గి లారీలు మళ్ళీ మామూలుగా తిరగడం మొదలైన ఏడాది నన్ను నారాయణగూడ బ్రాంచికి మేనేజరుగా వేశారు. మాది పార్సిల్ సర్వీసు. చిక్కడపల్లి, అశోక్ నగర్, కవాడిగూడ సరుకంతా మా కౌంటరు మీదుగానే పోయేది. అప్పటికి ఇంట్లో కూర్చుని ఫోన్‌లో అమ్మేవాళ్ళు బాగా ఎక్కువయ్యారు. ఫోన్‌లో అద్దాల బీరువా కూడా అరచేతిలో ఇముడుతుంది. అందుకని ముందు అమ్మేసేవాళ్ళు, పంపడం ఎట్లాగో తర్వాత నా దగ్గరికొచ్చి అడిగేవాళ్ళు. తల ప్రాణం తోకకొచ్చేదనుకోండి. పెద్దదీ, పగిలేదీ అయితే బుకింగ్ క్లర్కు తనంతట తాను తీసుకోకూడదు. మేనేజరు వెళ్ళి చూసి సంతకం పెట్టాలి.

చూడ్డానికి వెళ్ళినప్పుడు నాదొక పద్ధతి ఉండేది. సరుకు రోడ్డు మీద పగలడం తక్కువ. ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ పగులుతుంది. ఇక్కడ ఎక్కిన బండే ఊరు చేరదు. మధ్యలో హబ్ అని పిలిచే గోదాముల్లో ఒక బండి నుంచి ఇంకో బండికి మారుతుంది. పెట్టె మీద ‘ఫ్రాజైల్’ అని ఎర్ర స్టిక్కరు వేస్తే అందరూ పసిపిల్లలా ఎత్తుకుంటారని జనం నమ్మకం. మోయలేనంత బరువుంటే హమాలీ మాత్రం ఏం చేస్తాడు, పాపం! అందుకే వస్తువు చూడగానే అది నడుమెత్తు నుంచి జారిపడినట్టు మనసులో ఊహించుకునేవాణ్ణి. బతుకుతుందనిపిస్తేనే సంతకం.

రామచంద్రం సారు అశోక్ నగర్‌లో ఒక కోచింగ్ సెంటరు వెనక సందులో ఉండేవారు. బళ్ళో జాగ్రఫీ చెప్పి రిటైరై, ఆ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు పాఠాలు చెబుతున్నారు. క్లాసులో చూపులేని అమ్మాయి ఒకతె ఉండేదట. గోడ మీది మ్యాపుకు బెత్తం ఆనించి “గోదావరి ఇట్ల వస్తది, చూడుండ్రి” అన్నప్పుడల్లా ఆ పిల్ల తల దించుకునేదట. “సిగ్గుతో సచ్చిపోయిన సార్” అన్నారాయన నాతో. అప్పటినుంచి చేత్తో తడిమి తెలుసుకునే చిన్న చిన్న పటాలు చేసి ఆన్‌లైన్‌లో పెట్టడం మొదలుపెట్టారు. అవి చూసి, ఆదిలాబాద్ వైపు చూపులేని పిల్లల బడి ఒకటి పెద్ద పటం కావాలంది. ఆయన ఒప్పేసుకున్నారు. చేసేశారు కూడా. పంపడం నా నెత్తిన పడింది.

ముందు గదిలో మంచమంత తెలంగాణ. ప్లైవుడ్ మీద కాగితపు గుజ్జు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ కలిపి పోసిన కొండలు, నున్నటి గాడులుగా నదులు, గరుగ్గా అడవులు, ఊరికొక పూస. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టమన్నారు. పెట్టాను. వేలు దానంతటదే మూసీ గాడిలోకి జారి హైదరాబాద్ పూస దగ్గర ఆగింది. అంతలోనే అది నడుమెత్తు నుంచి పడ్డట్టూ కనిపించింది. ఇద్దరు మనుషులు ఎత్తితే నడుమ వంగుతుంది, వంగితే కొండలు బీటలిస్తాయి.

ఇది పోదు సార్, పగుల్తది అన్నాను.

ఆయన మొహం చిన్నబోయింది. “రిస్కు నాదే అని రాసిస్త సార్. మీకేం పరేషాన్ ఉండది” అన్నారు. మా బిల్లు మీద అట్లాంటి ముద్ర ఉంటుంది, ఓనర్స్ రిస్క్ అని. అది కొట్టి సంతకం తీసుకుంటే వస్తువు పిండైనా కంపెనీకి సంబంధం లేదు. చాలామంది మేనేజర్లకు అది దేవుడిచ్చిన వరం. నాకు మాత్రం దాని పేరెత్తితేనే ఒళ్ళుమంట. పగుల్తదని తెలిసి మీతోని సంతకం తీసుకుంటే నాకు ముద్ద దిగుతదా సార్ అని కొంచెం గట్టిగానే అన్నాను. విడిగా బండి మాట్లాడితే పటం వెల కంటే కిరాయే ఎక్కువ. వెంట ఉండి తీసుకెళ్దామంటే ఆయనకు మోకాలి ఆపరేషనై ఎన్నో రోజులు కాలేదు. ఇక బడివాళ్ళకు కుదరదని చెప్పడమే మిగిలింది. ఆయన ఫోన్ కలిపి నా చేతికిచ్చేశారు. “నాకు నోరు రాదు సార్, మీరే చెప్పుండ్రి” అన్నారు.

అవతల హెడ్మిస్ట్రెస్ యశోద మేడం. ఆమెకూ చూపు లేదట. మేడం, చేరేసరికి ముక్కలైపోతుంది అని చెప్పాను.

“మరి మీరే ముక్కలు చేసి పంపొచ్చు గద సార్” అంది.

ఎకసెక్కమనుకున్నాను. ఆమె నింపాదిగా చెప్పింది. “మీరు ఒక్క చూపుల మొత్తం చూస్తరు. మాకు గట్ల కాదు. చెయ్యి ఎంతమేర పడితే గంతే దొరుకుతది. తడుముకుంట, తడుముకుంట లోపట అతికించుకుంటం. ముక్కలు జోడించుడు మా పిల్లలకు ఎవ్వరు నేర్పే పని లేదు సార్.”

స్పీకర్లో విన్న రామచంద్రం సారు గోదావరి మీద చెయ్యి వేసి అట్లాగే కూర్చుండిపోయారు. నెలల తరబడి పోసి పెంచినదాన్ని కోయమంటే ఎవరికి మింగుడుపడుతుంది! నేను ఒత్తిడి చేయకుండా వచ్చేశాను.

మర్నాడు కర్ర పట్టుకుని ఆయనే బ్రాంచికి వచ్చారు. రాత్రంతా నిద్ర పోలేదని మొహమే చెబుతోంది. “జిల్లాల గీతల మీద కోద్దామంటే, రేపు మళ్ళ జిల్లాలు మారిస్తే ఏంది గతి? నదుల మీద కోద్దాం సార్. రంపం తిన్నకాడ నదే ఉంటది” అన్నారు. ఇద్దరం పగలబడి నవ్వాం.

కవాడిగూడ నుంచి వడ్రంగిని పిలిచి సన్న బ్లేడుతో కోయించాం. గోదావరీ, దాంట్లో కలిసే చిన్న నదులూ సాఫీగా తెగాయి. మూసీతోనే చిక్కు. అనంతగిరి దగ్గర నది మొదలు, దాని పడమట గాడి లేదు. అక్కడ కొండనే కోయాలి. ఆ కాసేపు సారు పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

ప్రతి ముక్కనూ ఒక మనిషి తేలిగ్గా ఎత్తగలిగే పెట్టెలో, ఫోము మధ్య, సారు భార్య ఇచ్చిన పాత చీరలు చుట్టి పెట్టాం. ఒక్కో పెట్టెనూ నడుమెత్తు నుంచి మనసులో పడేసి చూశాను. బతికింది. కంపెనీ బాధ్యత మీదే బుక్ చేసి సంతకం పెట్టాను. పెట్టెలు చేరేదాకా సారు రోజూ వచ్చి కౌంటరు దగ్గర కూర్చునేవారు. నేను చాటుగా హబ్‌లకు ఫోన్ చేసి కనుక్కునేవాణ్ణి, పైకి మాత్రం టీ తెప్పించేవాణ్ణి.

యశోద మేడం ఫోన్ చేసినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. వెనక పిల్లల గోల. “ఒక్క పూస ఊడింది సార్. అది ఏ ఊరో పిల్లలే తడిమి చెప్పిన్రు” అంది. అతికించడం ఎంతవరకు వచ్చిందని అడిగారాయన.

“అంతా అయింది సార్, మా ఆదిలాబాద్ తప్ప. ఒక పోరడు దాన్ని ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. ఎంత బతిమాలినా ఇస్తలేడు.”

సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకూ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. నిండు పటమే చేరి ఉంటే ఏ పిల్లాడి ఒళ్ళోకీ వచ్చేది కాదు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, పెద్ద వస్తువు చూడబోయిన ప్రతిచోటా కొలతలూ బరువూ అడిగే ముందు ఒక మాట అడిగేవాణ్ణి, దీన్ని అందుకునేవాళ్ళు ఎట్లా వాడుకుంటారని. చాలామంది అమ్మకందార్లకు అది తెలియదు. అప్పుడు కొన్నవాళ్ళ నంబరు తీసుకుని ఫోన్ చేసి కనుక్కున్నాకే పంపాలో వద్దో తేల్చేవాణ్ణి.