శుక్రవారం విమానం, గురువారం సంచి

ఆ రోజుల్లో, అంటే డిగ్రీ పట్టా చేతికొచ్చి ఉద్యోగం ఇంకా రాని రోజుల్లో, నాకు ఫోను చెప్పే లెక్కల మీద వల్లమాలిన నమ్మకం. హైదరాబాదులో ఇంటర్వ్యూకి రమ్మని విమానం టికెట్టు కూడా కంపెనీ వాళ్లే పంపిస్తే, వెతికి ఇంటిల్లిపాదికీ చదివి వినిపించాను: విశాఖ నుంచి ఆకాశంలో సుమారు ఐదొందల కిలోమీటర్లు, గంటా పావు ప్రయాణం. మా గరివిడి నుంచి విశాఖ విమానాశ్రయానికి కారులోనే అంతకు రెట్టింపు పడుతుందని (ఆ ముక్క ఫోను చెప్పలేదు) మా బావ గుర్తుచేశాడు. విమానం శుక్రవారం పదకొండింటికి. గంట ముందే కౌంటరు మూసేస్తారట. పొద్దున్న ఏడింటికి బయల్దేరాలని తేల్చాం.

అక్కడ మా అత్త అడ్డుపడింది. నన్ను పెంచిన మేనత్త; ఆవిడ మాట దాటే ధైర్యం మా నాన్నకే లేదు. "సుక్కురోరం పడమటేపు సూల ఉన్నాది. సంచి ముందురోజే గడప దాటించీ," అంది. ఆ దిక్కుకి వారశూల ఉన్న రోజు వెళ్లక తప్పనప్పుడు, ముందురోజు మంచి ఘడియ చూసి సామాను వేరేవాళ్లింట్లో పెడితే, ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. గురువారం సాయంత్రం నా సంచీ ఎదురింటి టీచరమ్మ ముందుగదిలోకి చేరింది. ఆవిడ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్లే మనిషి. "మా దేవుడు సూలలు సూడడు గానీ, మీ అత్త సూస్తాది కదా, పెట్టు," అని నవ్వింది. సర్టిఫికెట్లు, టికెట్టు, ఆధార్ కార్డు, అన్నీ అందులోనే (తెలివి అంటే నాదే).

పొద్దున్న ఆరున్నరకి వెళ్తే ఎదురింటికి తాళం. ఫోన్ చేస్తే ఇంట్లోంచే మోగింది. అత్త అప్పుడు నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా, ఉదయం బండికి నౌపడ సెల్లెలింటికి ఎల్తానని సెప్పింది, మర్సిపోనాను." రెండేళ్లలో నాకొచ్చిన ఒకే ఒక్క ఇంటర్వ్యూ పిలుపు అది. బావ బైకు మీద స్టేషన్‌కి వెళ్తున్నంతసేపూ, బండి టైముకి రాకూడదని కనిపించిన గుడికల్లా, చర్చికి కూడా, దండం పెట్టాను.

బండి ఆలస్యం. టీచరమ్మ బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. "ఏటే, నన్ను సాగనంపడానికి వచ్చినావేటి?" అంది. నేను ఏడుపు మొదలుపెట్టాను, బావే సంగతి చెప్పాడు. ఆవిడ ఇడ్లీ చెయ్యి కడుక్కోకుండానే తాళంచెవి తీసిచ్చింది.

కౌంటరు దగ్గర చివరి మనిషిని నేనే. విమానంలో కిటికీ పక్క సీటు దొరికింది. కానీ సంచీని కాళ్ల మధ్య బిగించి పట్టుకుని, గంటా పావూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. నా మొదటి ఆకాశం ఎలా ఉందో నాకు తెలీదు. ఉద్యోగం వచ్చింది. "సూల ఆ తాళానికి తగిలి పోనాది, నేకపోతే ఏటైపోదువో," అంది అత్త.

ఇప్పుడు నెలకోసారైనా విమానం ఎక్కుతాను. ముందురోజు అత్త ఫోన్ చేస్తుంది. "సంచి గడప దాటిందేటే?" దాటిందని అబద్ధం చెప్తాను. ఫోను పెట్టేశాక మనసొప్పదు. లేచి వెళ్లి సంచీని గుమ్మం బయట చెప్పుల పక్కన పెడతాను. పెట్టి, ఆధార్ కార్డు చేత్తో పట్టుకుని, మంచి ఘడియ అయిపోయేదాకా దానికి కాపలా నిలబడతాను.