మల్లయ్య తెచ్చిన కొడవలి

డెబ్భయ్యో దశకం మొదట్లో నేను పెన్‌పహాడ్ దగ్గరి ఒక ఊళ్లో నర్సును. మతి చలించి అన్నను నరికి చంపిన మల్లయ్య, పట్నం పిచ్చాసుపత్రిలో ఆరేళ్లుండి ఇంటికొచ్చాడు. వారం వారం మాత్రలిచ్చి, అతని తీరు డాక్టరుకు రాయడం నా పని. అతను నవ్వినా నాకు అనుమానమే. మాత్ర మింగాక నోరు తెరిపించి చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం ఆరోగ్య కేంద్రంలో ఒంటరిగా ఉన్నాను. రావలసిన రోజు కాకపోయినా మల్లయ్య కొడవలితో లోపలికొచ్చాడు. నేను వెనక తలుపువైపు జరిగాను. అతను కొడవలిని బల్లమీద పెట్టి దూరంగా నిలబడ్డాడు.

"సిస్టరమ్మా, మూడు దినాల సంది నిద్ర లేదు. చెవులల్ల మళ్ల మాటలు ఇనవడుతున్నయి. ఇంట్ల పిల్లలున్నరు. జర నన్ను దవాఖానకు పంపుండ్రి."

నేను కొడవలిని బీరువాలో పెట్టి తాళం వేశాకే అతను ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సాయంత్రమే నేను వెంట ఉండి పట్నం తీసుకెళ్లాను. కోలుకుని తిరిగొచ్చాడు.

అన్నాళ్లూ అతను ఏం దాస్తున్నాడా అని చూశానే గానీ, ఎలా ఉన్నావని ఒక్కసారీ అడగలేదు.